యజమాని: రత్న

2007 జూన్ 29, శుక్రవారం. ఏజెన్సీలోని ఒక మండల కార్యాలయం. హాజరైనవారు: సూపరింటెండెంటు సర్వేశ్వరరావు, అటెండరు గాసి, జిల్లా కేంద్రం నుంచి వచ్చిన లినక్స్ ఇంజనీరు వినయ్, అర్జీదారు సోములమ్మ.

“ఆ కాయితం ఈయేల అందకపోతే నా మనవరాలికి ఆశ్రమ బడిలో సీటు పోద్ది, బాబూ,” అంది సోములమ్మ మళ్లీ.

ధ్రువపత్రాల ఫోల్డరులో కొత్త పత్రం చేరడం లేదు. కంప్యూటరు తెరపై ‘అనుమతి లేదు’ అన్న మాటే పదేపదే వస్తోంది. ఆ ఫోల్డరు యజమానిగా, అందులో రాసే హక్కు ఆపరేటరు రత్నకు మాత్రమే ఉంది. వినయ్ ఆ హక్కును సర్వేశ్వరరావు పేరిట మార్చాడు. మండలాల అమరికలన్నిటినీ తనంతట తానే సరిచూసే జిల్లా సర్వరు, క్షణాల్లో దాన్ని తిరిగి రత్నకే కట్టబెట్టింది. ఆ దిద్దుబాటును ఆపి చూశాడు. ఇక్కడి పత్రాలను జిల్లా స్వీకరించడమే మానేసింది.

“మేకయితే తాడు తెంపేద్దుమండి,” అన్నాడు గాసి.

“రత్నగారు ఒక్కసారి వచ్చి పాస్‌వర్డు కొడితే చాలు. కబురు పెట్టండి,” అన్నాడు వినయ్.

గాసి టీ గ్లాసులు సర్దడం మొదలుపెట్టాడు.

“పిలిస్తే వచ్చీదయితే నాను ఈ కొండెందుకు దిగుతాను?” అంది సోములమ్మ.

సెలవు పెట్టిన ఉద్యోగిని మొండితనం కాబోలు అనుకున్నాడు వినయ్. “పోనీ, పాస్‌వర్డు ఎవరికైనా చెప్పారా?”

“చెప్పకూడదని నియమం కదండీ. చెప్పలేదు,” అన్నాడు సర్వేశ్వరరావు, వినయ్ కూర్చున్న రత్న కుర్చీ వైపు చూడకుండా.

వినయ్ జిల్లాకు ఫోన్ చేశాడు. రత్న పేరు తొలగించడానికి వాళ్లకు అభ్యంతరం లేదట. ఆమె ఇక విధుల్లోకి రాదనడానికి ఒక ధ్రువపత్రం పంపాలట. అది మండల సర్వరులో తయారైనదే కావాలి; చేతిరాత చెల్లదు.

“అదే కదండీ...” అని ఆగిపోయాడు సర్వేశ్వరరావు.

బయట ముంచింగిపుట్టు వెళ్లే బస్సు హారన్ మోగింది.

“రేపు రమ్మంతారా, బాబూ?”

“రేపూ ఇంతేనమ్మా,” అన్నాడు సర్వేశ్వరరావు.

సోములమ్మ కొంగు బిగించి లేచింది.

‘పెండింగ్’ అని రాసి, సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి సర్వేశ్వరరావు సొరుగులో పడేసిన ఆ అర్జీ, సోములమ్మ తన కూతురు రత్న మరణ ధ్రువపత్రం కోసం పెట్టుకున్నది.