ఊ, ఊహూ

"బయట దొరికేది కొనేద్దాం. ఏమంటారు?" అన్నాడు కొత్త బాసు, బల్ల మీది ఫోన్ వైపు వంగి.

"ఊహూ," అంది ఫోను.

బాసు కాసేపు ఎదురుచూశాడు. ఊహూ వెనక తోకలా ఏదో ఒక కారణం రావాలి కదా. రాలేదు.

అతను ఈ ఆఫీసుకి వచ్చి వారమైంది. ఇంటి నుంచే పనిచేసే ఈ డిజైనరమ్మని ఇంకా చూడలేదు. ఆమె దగ్గర ఇంతవరకూ విన్నవి రెండే మాటలు. కొత్తకోడలైనా ఇంతకన్నా ఎక్కువే మాట్లాడుతుంది.

తగువంతా ఒక చిప్పు గురించి. ఒంటికి అతికించుకునే బిళ్ళలో ఉంటుంది. కండరం కాస్త అదిరినా కనిపెట్టి, ఆ సంకేతాన్ని అంకెలుగా మార్చి పక్కనున్న యంత్రానికి అందిస్తుంది. ఆ మార్చే భాగం పేరు సిగ్మా-డెల్టా మాడ్యులేటర్. డిజైనరమ్మ దాన్ని ఎంత పొదుపుగా కడుతోందంటే, గింజంత బ్యాటరీతో నెలల తరబడి నడవాలట. బయట దొరికేది తెచ్చి పెట్టేస్తే పని ఇట్టే అయిపోతుంది. కాకపోతే అది కరెంటు తాగుబోతు, బిళ్ళని రోజూ తీసి ఛార్జింగ్ పెట్టాలి. పెడితే పోయిందేముంది, వ్యాయామం చేసే కుర్రకారే కదా కొనేది అని బాసు లెక్క.

"మీ మరదలు నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా అండీ?" అని పక్కాయన్ని అడిగాడు. చిప్పుకి లేఅవుట్ గీసే పెద్దమనిషి ఆయన. ఆమెకి స్వయానా బావ.

"ఆవిడ పద్ధతి అంతే సార్. మన మాడ్యులేటర్ మాత్రం? అవును, కాదు తప్ప మూడో మాట దానికీ రాదు. కానీ వెంటవెంటనే అడుగుతూ పోతే, ఆ రెండిట్లోంచే మొత్తం సంగతి రాబట్టొచ్చు."

"అది యంత్రం. ఈవిడ మనిషి."

"అవుననుకోండి," అని బావ ఫోన్ దగ్గరికి జరిగాడు. "అమ్మాయ్, రెండో దశలో కరెంటు ఇంకా తగ్గించనా?"

"ఊ."

"సగానికి?"

"ఊహూ."

"పావు వంతు?"

"ఊ."

"సంకేతంలో రొద పెరగదూ?"

"ఊహూ."

బావ గీసుకుంటూ పోయాడు. ఎవరో దొంగని విచారిస్తున్నట్టుంది బాసుకి. తేడా అల్లా, ఇక్కడ చెమటలు పట్టేది అడిగేవాడికి.

"మేడమ్, సూటిగా అడుగుతున్నా. ఛార్జింగ్ పెట్టే ఆ కాసేపు బిళ్ళ లేకపోతే కొంప మునుగుతుందా?"

"ఊ."

"ఎవరి కొంప?"

ఫోను పలకలేదు. బావ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అది ఊ, ఊహూలకి అందే ప్రశ్న కాదు కదా సార్."

బాసు ముఖం ఎర్రబడింది. "మీ అంతట మీరే తప్పుకుంటే గౌరవంగా ఉంటుంది మేడమ్."

"ఊహూ."

"నేను బాసునని గుర్తుందా?"

"ఊ."

"అయినా వినరు?"

"ఊహూ."

"సరే. ముఖం మీదే చెప్పొస్తాను," అని బాసు లేచాడు.

బావ గుమ్మం దాకా వచ్చాడు. "ఆవిడ గురించి ఎవరికీ ఏమీ చెప్పనని మాటిచ్చాను సార్, అందుకే నోరు కట్టేసుకున్నా. పని చూసి తిట్టినా పడుతుంది గానీ, తనని చూసి మెచ్చుకుంటే ఒప్పుకోదు."

"అంత మాట ఆవిడే అందా?"

"ఆ రెండు ముక్కల్లోనే. ఒక పూట పట్టింది."

డిజైనరమ్మ ఇంటి తలుపు తీసింది ఆమె అక్క. "రండి బాసుగారూ. మా ఆయన ఫోన్ చేశారు. చెల్లి మీ కోసమే చూస్తోంది."

కిటికీ పక్క కుర్చీలో ఉంది డిజైనరమ్మ. ఎదురుగా తెర మీద సర్క్యూట్. లేవలేదు. నమస్కారమూ లేదు. కళ్ళు మాత్రం రెప్ప వాల్చకుండా అతని మీదే నిలిచాయి. బాసుకి ఒళ్ళు మండింది.

"ఇంటికొచ్చిన మనిషిని కూర్చోమని కూడా అనరా?"

"ఊహూ."

అక్క నవ్వాపుకుంటూ ఒక కుర్చీ లాగింది. అతను కూర్చోలేదు.

"ఫోన్లో అడిగిందే మళ్ళీ అడుగుతున్నా. బిళ్ళ కాసేపు తీసిపెడితే ఎవరి కొంప మునుగుతుంది?"

అక్క చెల్లెలి మీదకి వంగింది. "చూపించెయ్యనా?"

"ఊ."

"తరవాత నన్ననకూడదు మరి."

"ఊ."

అక్క ఆమె దవడ కింద అతికించి ఉన్న గోరంత నమూనా బిళ్ళని మెల్లగా ఒలిచి, అరచేతిలో పెట్టుకుంది.

"ఇప్పుడడగండి," అంది.

బాసు గొంతు సవరించుకున్నాడు. "ఈ డిజైన్ ఆపేస్తున్నాను. మీకు సమ్మతమేనా?"

ఆమె పెదవి కదల్లేదు.

"సమ్మతమేనా?" ఈసారి అతని గొంతు కాస్త తగ్గింది.

మౌనం అర్ధాంగీకారమంటారు. ఆ చూపులో మాత్రం అంగీకారం మచ్చుకైనా లేదు.

ఆమె దవడ అదురుని పట్టి ఇన్నాళ్ళూ ఊ అన్నదీ, ఊహూ అన్నదీ ఆ బిళ్ళే.