రోజీ కటౌట్

రోజీ నడుము వేయడానికి వీరబ్రహ్మానికి ఒక్క పూట పట్టింది. గాగ్రా అంచుకు తళుకులు అద్దడానికి ఇంకో పూట. మొహం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆగదా మరి. ప్రొద్దుటూరులో సినిమా బ్యానర్లు రాసే రోజుల్లో మొహాలన్నీ మేస్త్రీయే వేసేవాడు. వీరబ్రహ్మానికి చీరలు, నగలు, వెనకాల కొండలు దక్కేవి. మొహాలు వేయడం ఇంటి దగ్గర సొంతంగా నేర్చుకున్నాడు. ఆ పనితనం చూపించుకునే లోపే మస్కట్ వీసా వచ్చింది.

మస్కట్‌లో పేంటర్ అంటే గోడలకు రంగు కొట్టేవాడు. ఆ రంగు కూడా తెలుపే. విల్లాకు తెలుపు, ప్రహరీకి తెలుపు. పగలంతా తెలుపు చూసి చూసి కళ్ళు మండిపోయిన మనిషి, తొంభై రెండులో ఒక గురువారం సాయంత్రం, ఊళ్ళోనే రువీ బజారులో ఒక హోటల్ మెట్లు దిగాడు. కింద ఎర్ర దీపాలు. బొంబాయి నుంచి వచ్చిన అమ్మాయిలు గాజులు గలగలలాడిస్తూ ఆడుతున్నారు. అందరికీ ముందు రోజీ. అంతే, మనవాడు బోల్తా పడ్డాడు.

ఇక ప్రతి గురువారం అక్కడే. మూల బల్ల దగ్గర ఒక్క కూల్ డ్రింక్ ముందు పెట్టుకుని, సిగరెట్ పెట్టెల అట్టల మీద వాళ్ళ బొమ్మలు గీసేవాడు. రూమ్‌లో వాళ్ళు నవ్వితే, "కళాకారుని బాధ మీకేం తెలుస్తాది లేప్పా" అనేవాడు.

భార్య తిరుపతమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె అదే ఊళ్ళో ఒక ఒమానీ ఇంట్లో పనిచేసేది. తిరిగి పోయాక మొగుడితో సొంతంగా బోర్డుల షాపు పెట్టించాలని ఆమె పంతం. జీతమంతా దానికే దాచేది. శుక్రవారం ఇద్దరూ మత్రా సముద్రం గట్టున కలుసుకునేవాళ్ళు. ఆమె షాపు గురించి మాట్లాడేది. అతను సముద్రం వైపు చూస్తూ రోజీని తలుచుకునేవాడు.

"ఇంగా ఆ హోటల్కి పోతాండావంట?"

"యాడ పోతాండామే. ఎప్పుడో మానేసినా."

"నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాడు. చెప్పాడు. సిగ్గులేని చెయ్యి.

హోటల్ మేనేజర్ ఖమరుద్దీన్ హైదరాబాద్ మనిషి. అట్టల మీద బొమ్మలు చూసి, డాన్స్ హాలు తలుపు పక్కన నిలబెట్టడానికి మనిషెత్తు రోజీ కటౌట్ చేసిమ్మన్నాడు. ప్లైవుడ్ తెప్పించాడు. అంతా బాగానే సాగింది. తీరా మొహం వేసే వేళకు రోజీ మొండికేసింది.

"నా మొహం వద్దు," అంది. "నేనిక్కడ బ్యూటీ పార్లర్‌లో పని చేస్తున్నానని మా ఇంట్లో అనుకుంటున్నారు."

"ఏదో ఒక మొహం ఎయ్యి భాయ్," అన్నాడు ఖమరుద్దీన్. "ఈడికొచ్చేటోళ్ళు మొహం చూస్తరా?"

వీరబ్రహ్మం కళ్ళు మూసుకుని అక్కడ ఆడే వాళ్ళందరినీ తలుచుకున్నాడు. కుంచె పట్టాక మళ్ళీ ఆగలేదు. ఎటు నుంచి చూసినా మనల్నే చూసి నవ్వే బ్యానర్ కళ్ళు భలే కుదిరాయి. "అందర్నీ కలిపి ఒగ మనిషిని చేసినా" అని రూమ్‌లో చెప్పుకుని మురిసిపోయాడు.

నెల తిరగకముందే తిరుపతమ్మ పనిచేసే ఇంటి నుంచి కబురొచ్చింది. పోయేసరికి ఆమె పెట్టె గుమ్మంలో ఉంది.

"శుక్రవారం మొగుడి దగ్గరికని చెప్పి పోతుంది," అంది ఇంటావిడ అజీజా, వచ్చీరాని హిందీలో. "పోయేది హోటల్లో ఆడటానికి."

"నా కళ్ళతో చూశాను," అన్నాడు ఆమె భర్త. "అక్కడే నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. మూడేళ్ళు నాకు అన్నం పెట్టిన మనిషిని గుర్తుపట్టనా?"

ఆయనకు అక్కడేం పనో ఎవరూ అడగలేదు. అలాంటివి అడగరు.

"నేను యాడికీ పోలేదు మామా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని తిరుపతమ్మ ఏడుస్తోంది.

వీరబ్రహ్మం ఒక్క మాట చెబితే చాలు. ప్రతి గురువారం నేనక్కడే ఉంటాను, ఆడేవాళ్ళందరూ నాకు తెలుసు, మా ఆవిడ అందులో లేదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. తిరుపతమ్మ అతని వైపే చూస్తోంది. ఆమె నెత్తిన పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది.

"మా ఆడమనిషి అట్లాంటిది కాదు సాబ్" అని మాత్రం గొణిగాడు.

రెండు రోజుల్లో టికెట్ తీశారు. సీబ్ ఎయిర్‌పోర్టులో ఆమె ఒక్కటే అడిగింది.

"నువ్వన్నా నమ్ముతావా?"

"నమ్ముతా."

షాపు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

నమ్మాడా? బస్సెక్కేసరికే మనసును పురుగు తొలచడం మొదలైంది. శుక్రవారాలు తనతో ఉంది, సరే. మిగతా రోజుల్లో? అంత పెద్దమనిషికి అబద్ధమాడాల్సిన అవసరమేంటి? తాను రాని రోజు చూసుకుని ఆడిందేమో. కట్టుకున్నదాని గురించి అంత మాట ఎంత సులువుగా అనుకున్నాడో.

తిన్నగా హోటల్‌కే పోయాడు. ఎటూ చూడకుండా తలుపు తోసుకుని లోపలికి పోయి, పర్సులోంచి పెళ్ళి ఫోటో తీసి ఖమరుద్దీన్ ముందు పెట్టాడు.

"నిజం చెప్పు భాయ్. ఈ మనిషి నీ దగ్గర ఎప్పుడన్నా ఆడిందా?"

ఖమరుద్దీన్ ఫోటో చూశాడు. వీరబ్రహ్మాన్ని చూశాడు.

"మజాక్ చేస్తున్నవా పేంటర్ సాబ్?" అని భుజం పట్టుకుని అతన్ని తలుపు బయటికి నడిపించాడు.

ప్రొద్దుటూరులో పొయ్యి ముందు కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి గీసి గీసి అతని చెయ్యి నేర్చుకున్న ఒకే ఒక్క మొహం, తిరుపతమ్మ మొహం, రోజీ నడుము పైనుంచి అతన్నే చూసి నవ్వుతోంది.