పొద్దున చేద్దామన్న ఆపరేషన్

కట్టు విప్పి చూస్తే పాప మోచెయ్యి వంకరగా అతుక్కుని ఉంది.

"తప్పు నాదే డాక్టరుగారూ. పొద్దున చేద్దామన్నారు మీరు. పిల్ల ఏడుపు చూడలేక, ఆ రాత్రే చెయ్యమని మీ కాళ్ళావేళ్ళా పడ్డాను," అంది తల్లి.

డాక్టరు పాప చేతిని మెల్లగా చాపబోయాడు. అది సగంలోనే ఆగిపోయింది.

"మీరడగడంలో తప్పులేదమ్మా. ఒప్పుకున్నవాణ్ణి నేను. పగలంతా ఆపరేషన్లు చేసి, ఆ వేళకి నా కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎముక సరిగ్గా కుదరలేదని అప్పుడే అనుమానమొచ్చింది. మళ్ళీ సరిచేసే ఓపిక లేక, చాల్లే అనుకున్నాను."

తల్లి అతని చేతుల్లోంచి పాప చేతిని విడిపించి తన ఒళ్ళో పెట్టుకుంది.

పాప తల్లి మొహంలోకి చూసింది.

"అయితే తొందరపడ్డావని నాన్న ఇంక నిన్ను తిట్టడుగా అమ్మా?"