ఖాళీ బస్సు

"ఈ పూటకు నడవనీ లావణ్యా. రేపటి నుంచి ఆపేద్దాం" అన్నాడు రవికిరణ్.

ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగుల బస్సుల బాధ్యత లావణ్యది. రవికిరణ్ ఆమె పైఅధికారి. బస్సులు తయారుచేసిన సంస్థ నుంచి ఆ ఉదయమే హెచ్చరిక వచ్చింది. ఆ మోడల్‌లో డీజిల్ పైపు చిట్లి, వేడి ఇంజను మీద కారే ప్రమాదముందట. మంటలు లేవవచ్చట. ఎక్కడి బస్సును అక్కడే ఆపేయమన్నారు. అప్పటికే కూకట్‌పల్లి బస్సు ఉద్యోగులతో నిండి హైటెక్ సిటీకి బయల్దేరింది.

ఈరోజు రిలీజ్ ఉందని, క్లయింటుకు ఏం చెప్పుకోవాలని, ఇన్నాళ్లూ ఏమీ కాని బస్సు ఈ గంటలోనే తగలబడిపోదని రవికిరణ్ నచ్చజెప్పబోయాడు.

"జరగరానిది జరిగితే వాళ్ల ఇళ్లకు మీరు ఫోన్ చేస్తారా సార్?"

లావణ్య అతని ఎదుటే డ్రైవర్ మొగిలికి ఫోన్ చేసింది. బస్సు పక్కకు ఆపి అందరినీ దించేయమంది. ఆ తర్వాత ఆటో ఎక్కి తనే బయల్దేరింది. ఉద్యోగం పోతుందేమోనని దారంతా భయపడుతూనే ఉంది.

మలేషియన్ టౌన్‌షిప్ దాటాక, ఎండలో, రోడ్డు పక్కన నిలబడి ఉన్నారందరూ. టీమ్ లీడ్ సుష్మ విసుక్కుంది. మీటింగ్ పోయిందని, ఈ మాట ముందే చెప్పొద్దా అని గట్టిగానే అడిగింది. లావణ్య దాచకుండా ఉన్న విషయం చెప్పింది.

"డీజిల్ వాసన నాక్కూడ కొడుతనే ఉంది మేడం" అన్నాడు మొగిలి. "రిపేరు షెడ్డుల చెప్పిన. ఏం గాదు, పోనియ్యి అన్నరు."

ఆ మాటతో విసుగంతా దిగిపోయింది. బస్సుకు ఆనుకుని నిలబడ్డవాళ్లు గబగబా దూరం జరిగారు. ఎవరో ఇంటికి ఫోన్ చేసి, ఊరికే చేశానని చెప్పి పెట్టేశారు.

లావణ్య క్యాబులు పిలిపించి ఒక్కొక్కరినీ ఎక్కించింది. చివరిగా ఎక్కిన సుష్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇందాక ఏదో అనేశాను, ఏమనుకోకండి. మా గురించి ఇంతలా ఎవరు పట్టించుకుంటారండీ?" అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

క్యాబులు వెళ్లిపోయాయి. ఇంతలో ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. వెనక బండ్లన్నీ ఆగిపోతున్నాయని, బస్సు వెంటనే తీయాలని పట్టుబట్టాడు. లాక్కెళ్లే బండి కోసం షెడ్డుకు ఫోన్ చేస్తే సాయంత్రం దాకా రాదన్నారు. లావణ్య కాసేపు ఆలోచించి, చేయాల్సిన ఏర్పాటేదో చేసింది.

ఆఫీసుకు తిరిగి వస్తుండగా రవికిరణ్ ఫోన్ చేశాడు. పొద్దుటి గొంతు కాదది. తను తప్పుగా ఆలోచించానన్నాడు. విషయం పైవాళ్ల దాకా వెళ్లిందని, అందరూ ఆమెను మెచ్చుకుంటున్నారని చెప్పాడు. లావణ్యకు అప్పటికిగానీ ఊపిరాడలేదు.

"ఇంతకీ బస్సు ఎక్కడుంది?" అని అడిగాడతను.

"జీడిమెట్ల షెడ్డుకు పంపించేశాను సార్. ఇక భయం లేదు, ఖాళీ బస్సే. మొగిలి ఒక్కడే నడుపుకుంటూ వెళ్తున్నాడు."