సర్దార్ సదయ్య ముక్కు

"నీ ముక్కు పనిచేస్తున్నదని తేలేదాక రేపు నువ్వు బొగ్గుబాయిల దిగేది లేదు బాపూ" అన్నాడు భూపాల్, తండ్రి బూట్లు తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తూ.

"నా ముక్కుకేమైందిరా? జరమొచ్చింది, దవాఖానల నాలుగు దినాలున్న, పోయింది. రేపు ఫస్టు షిఫ్టుకు పోతున్న" అన్నాడు సదయ్య.

"మొన్న పొయ్యి మీద పాలు మాడి ఇల్లంత కంపు కంపు. నువ్వు పక్కన్నే కూసొని పేపర్ సదువుకుంటున్నవ్."

గుమ్మంలో నిలబడ్డ కోడలు మమత మామ ముక్కు వైపే చూసింది. గోదావరిఖనిలో, బాయిలో దిగే మనుషుల క్షేమం చూసే మైనింగ్ సర్దార్లు చాలామందే ఉన్నారు గానీ, సదయ్య ముక్కులాంటి ముక్కు ఇంకొకటి లేదని బాయి బాయంతా చెప్పుకుంటుంది. భూమి అడుగున బొగ్గు లోలోపల కాగడం మొదలైతే సన్నగా కిరసనాయిలు వాసన వస్తుందట. గ్యాసు కొలిచే మెషిన్ కూత పెట్టకముందే సదయ్య దాన్ని పసిగట్టి మనుషుల్ని పైకి పంపించేస్తాడు. రేపు ఆయన్ని నమ్మి దిగేది ఇరవై ఆరు మంది. ఆ ముక్కే పోయుంటే?

"పరీక్ష పెడదాం" అంది మమత. "మామ కండ్లకు తువ్వాల కట్టుకొని ఈడ్నే కూసుంటడు. నేను వంటింట్ల ఏం చేస్తున్ననో వాసన పట్టి చెప్పాలె. చెప్తే బూట్లు ఇచ్చెయ్. చెప్పకపోతే మామ పైన పనికి మారాలె."

"ముప్పయ్యేండ్లు కింద తిరిగినోన్ని, ఇప్పుడు పైన కూసొని దిగెటోళ్లకు టోపీ లైట్లు పంచాల్నా?" సదయ్య మొహం ముడుచుకుంది. "కట్టు తువ్వాల."

భూపాల్ కట్టాడు.

"గా ఫ్యాను బంద్ జెయ్యి. గాలికి వాసన చెదిరిపోతది. టీవీ గూడ బంద్ జెయ్యి, ధ్యాస నిలుస్తలేదు."

వంటింట్లో పదకొండు బ్రెడ్డు ప్యాకెట్లున్నాయి. దవాఖానలో పడుకున్న మనిషిని చూడటానికి ఈ కాలనీల్లో ఎవరూ వట్టి చేతులతో పోరు, తలా ఒక బ్రెడ్డు పట్టుకుపోతారు. సదయ్య మాత్రం ఒక్క ముక్క ముట్టలేదు. దాన్ని చూస్తేనే ఇంకో జరమొచ్చేటట్టున్నది అనేవాడు. వాటిలో అంచులెండినా ఇంకా బాగున్న రెండు ప్యాకెట్లు ఏరింది మమత. కవర్లు చించి ముక్కలు కోసింది. నెయ్యి డబ్బాకు బిగుసుకున్న మూతను చెంచాతో ఠప్పున లేపింది. కాగిన నెయ్యిలో ముక్కలు చుయ్యిమన్నాయి.

"నెయ్యి" అని ముందుగదిలోంచి గొంతు వినిపించింది. "నెయ్యిల బ్రెడ్డు ఏంచుతున్నవ్ బిడ్డా."

వంటింటి గడపలో సాక్షిగా నిలబడ్డ భూపాల్ నోరు తెరిచాడు. "ఏ దుకాణంల బ్రెడ్డో గూడ చెప్పరాదు" అన్నాడు ఎగతాళిగా.

"దవాఖానదే. మీరు ఏదన్న పారేసిన మొకాలా? బిడ్డా, ఒక ముక్క మాడవట్టె, తిప్పు."

మమత గబుక్కున బాణలిలోకి చూసింది. నిజమే. అన్నీ చుయ్యిమంటుంటే ఒక్క ముక్క మాత్రం సప్పుడు లేకుండా నల్లబడుతోంది. గోడ అవతల కళ్ళకు గంతలతో కూర్చున్న మనిషికి, బాణలి ముందు నిలబడ్డ తనకంటే ఎక్కువ తెలుస్తోంది!

ఇంకో పొయ్యి మీద పాలు పెట్టి, వెనక్కి తిరిగి చిన్న రోట్లో యాలకులు టకటకా దంచడం మొదలుపెట్టింది.

"ఇలాచి ఎనక దంచుదువు గాని, ముందు పాలు చూడు. పొంగుకొస్తున్నయి."

అంతలోనే పాలు గిన్నె అంచుదాకా వచ్చేశాయి. మమత చటుక్కున మంట తగ్గించింది. ఇది ముక్కా, దేవుడిచ్చిన మూడో కన్నా? బాయిలో జనం ఈయన మాట మీద ప్రాణాలు పెట్టుకుని దిగుతారంటే దిగరా మరి!

చక్కెర డబ్బా వంచి పోసింది.

"జర చూసి పొయ్యి బిడ్డా. నాకేం ఫికర్ లేదు గాని, నీ మొగనికి షుగర్ వచ్చేటట్టున్నది."

భూపాల్ పకపకా నవ్వాడు. పెళ్ళిలో ఎవరో ఇచ్చిన కుంకుమపువ్వు నాలుగు రేకులు పాలల్లో నానబెట్టి ఉంచింది మమత. దాన్ని మెల్లగా పైనుంచి పోసింది. ముందుగదిలోంచి మాట రాలేదు. పోనీలే, అంత సన్నని వాసన ఎవరికందుతుంది అనుకుని గంటెతో కలిపింది.

"డబల్ కా మీఠా" అన్నాడు సదయ్య తీర్పు చెప్పినట్టు. "అయ్యిందా మీ పరీక్ష?"

భూపాల్ జేబులోంచి తాళంచెవి తీశాడు. బీరువా తెరిచి బూట్లు తెచ్చి తండ్రి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఫోన్ తీసి మేనేజర్‌కు చెప్పేశాడు. "సార్, మా బాపు రేపు ఫస్టు షిఫ్టుకు వస్తుండు. ముక్కు ఎప్పటి లెక్కనే ఉన్నది. ఇద్దరం చూసినం సార్."

మమతకు మొదటి గిన్నె ఆ ముక్కుకే నైవేద్యం పెట్టాలనిపించింది. నిండుగా వడ్డించి, మీద ఇంకో చెంచా నెయ్యి పోసి, గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, ఉత్త కాళ్ళతో పిల్లిలా ముందుగదిలోకి వచ్చింది. నెయ్యీ యాలకులూ కలిసిన ఘుమఘుమకు భూపాల్ నోట్లో నీళ్ళూరాయి. సదయ్య ఇంకా తువ్వాల విప్పలేదు. గిన్నెను సరిగ్గా ఆయన ముక్కు ముందు, జానెడు దూరంలో పట్టుకుని, ఏమంటాడోనని నవ్వు ఆపుకుంటూ నిలబడింది.

సదయ్య తల వంటింటి వైపు తిప్పి, చెవి రిక్కించాడు.

"గంటె సప్పుడు ఆగి ఎంతసేపాయె, ఇంక ఆడ్నే ఏం చేస్తున్నవ్ బిడ్డా? జల్ది పట్కరా."