బానెట్ మీద గీతలు

“ఎవరు? ఎవరు గీశారు దీన్ని?”

అల్లుడు వేసిన కేకకి వీధి వీధంతా గేటు దగ్గరికొచ్చేసింది. ఎలాగూ అందరూ బయటే ఉన్నారు. మధ్యాహ్నం కురిసిన వడగళ్ళకి ఎవరి కారుకి ఎన్ని సొట్టలు పడ్డాయో చూసుకుంటూ ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు.

అల్లుడిది కొత్త కారు. రంగు పాడవుతుందని దానికి ఎండ తగలనివ్వడు, దుమ్ము తగలనివ్వడు, ఆ మాటకొస్తే రోడ్డే తగలనివ్వడు. ఆఫీసుకి పాత స్కూటరు మీదే వెళ్తాడు. కారుకి కప్పే ముసుగు మీది దుమ్ము రంగుని గీస్తుందని ముసుగుని కూడా ఉతికించి ఆరేయిస్తాడు. ఇవాళ అది డాబా మీద ఆరుతోంది. అందుకే వడగళ్ళ మాట వినగానే ఆఫీసులో అతని ప్రాణం ప్రాణంలో లేదు.

తీరా వచ్చి చూస్తే కారుకి ఒక్క సొట్ట లేదు. కానీ బానెట్ నడిమధ్య గీతలు! దువ్వెన పెట్టి దువ్వినట్టు పక్కపక్కనే, వరసగా.

“పోనిద్దురూ, మీరు అదృష్టవంతులు” అన్నాడు ఎదురింటాయన. “నా బండి చూడండి, మశూచి పోసినట్టుంది.”

“వడగళ్ళు దేవుడి పనండీ. ఇది మనిషి పని!” అంటూ అల్లుడు గిర్రున తిరిగాడు. కాలికి బకెట్టు తగిలింది. “దీన్నిక్కడ ఎవరు పడేశారు?” అని ఒక్క తన్ను తన్నాడు. అప్పటికే అడుగు చిట్లిన ప్లాస్టిక్ బకెట్టు దొర్లుకుంటూ వెళ్ళి గోడకి కొట్టుకుంది. పక్కనే తీగ మీద ఇంట్లో బొంతలన్నీ నీళ్ళోడుతున్నాయి. “వానొస్తే బొంతలు లోపలెయ్యడానికి కూడా దిక్కు లేదు ఈ ఇంట్లో!”

ఆ మాటకి మామగారు మెల్లగా వసారాలోకి వచ్చారు. నాలుగు రోజులు కూతురి దగ్గర ఉందామని వచ్చిన పెద్దమనిషి. గోడ పట్టుకుని నిలబడి, “నా వల్లే బాబూ” అన్నారు. “నా చొక్కా గుండీలు రాసుకున్నట్టున్నాయి.”

“అంటే కారు మీద ఆనుకున్నారా?”

“ఆనుకోవడం అంటే... వడగళ్ళు పడుతుంటే...”

“వడగళ్ళు పడుతుంటే ఎవరైనా ఇంట్లోకి పరిగెడతారు. మీరేమో కారుకి ఆనుకుని చోద్యం చూస్తున్నారా? దగ్గరికొచ్చే ముందు ఉంగరం తియ్యండి, వాచీ తియ్యండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను కదా! గుండీల గురించి కూడా వేరే చెప్పాలా?”

గేటు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. మామగారికి తల కొట్టేసినట్టయింది. తెలీకుండానే ఆయన చెయ్యి ఛాతీ మీది గుండీలని కప్పుకుంది.

“పెద్దాయన, వదిలెయ్యండి” అన్నాడు ఎదురింటాయన.

“మీకేం, మీదెలాగూ పోయింది. ఈయన కారంటే అరుగనుకున్నారా? సొంతానికి ఒకటి కొనుక్కుని ఉంటే తెలిసేది!”

“తప్పయిపోయింది బాబూ” అని మామగారు తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సరిగ్గా అప్పుడే అల్లుడి భార్య పనినుంచి వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆఖరి మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి. ఇరుగుపొరుగు ముఖాలు చూడలేక, చేతిసంచీ గుండెలకి అదుముకుని గబగబా తండ్రి వెనకాలే వెళ్ళింది. వీధివాళ్ళు కూడా సిగ్గుపడ్డట్టు ఎవరిళ్ళలోకి వాళ్ళు సర్దుకున్నారు.

అల్లుడు మెత్తటి గుడ్డ తెచ్చి, పాలిష్ రాసి, గీతల్ని బుజ్జగిస్తున్నట్టు రుద్దాడు. అవి చావలేదు. రుద్దినకొద్దీ ఇంకా మెరిశాయి. అతనికి మళ్ళీ కడుపు మండింది. మామగారికి ఇంకో మాట చెప్పి తీరాలి. రేపట్నుంచి అసలు కారున్న వైపుకే రావద్దని చెప్పాలి. గుడ్డ చేత్తో పట్టుకునే విసవిసా లోపలికి నడిచాడు.

గది తలుపు ఓరగా తీసి ఉంది. మంచం మీద సగం సర్దిన సంచీ. మామగారు ఇటు వీపు పెట్టి కూర్చున్నారు. చొక్కా మార్చుకోబోయి, చెయ్యి పైకి లేవక ఆగిపోయినట్టున్నారు. భుజాల నుంచి నడుము దాకా కమిలి నల్లబడ్డ మచ్చలు. కొన్ని నిమ్మకాయంత ఉబ్బాయి. కూతురు తడిగుడ్డతో ఒక్కొక్కటే అద్దుతోంది.

“ఏంటి నాన్నా ఇది? ఎవరైనా కొట్టారా?”

“గట్టిగా అనకమ్మా. అల్లుడు వింటే బాధపడతాడు.”

“తలక్కూడా తగిలిందా?”

“లేదులే. తలకి బకెట్టు బోర్లించుకున్నాగా.”

అల్లుడు గడప దగ్గరే ఆగిపోయాడు. తను తన్నిన బకెట్టు ఇంకా గోడ దగ్గరే పడి ఉంది. వీధి అంతా వినేలా తను అన్న ఒక్కో మాటా తన చెవిలోనే తిరిగి మోగుతుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“అంత వానలో నీకు బయటేం పని నాన్నా?” అంది కూతురు.

“బిడ్డలా చూసుకుంటున్నాడు కదమ్మా కారుని. ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పాను. పైకీ వెనక్కీ సరిపోయాయి. ముందుకే చాల్లేదు. అందుకని నేను పడుకున్నా.”