తూకంలో తేడా

తుపాకీ తనిఖీ బల్ల మీద ఉంది. రాజగోపాల్ ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి.

1986 వేసవి. మిషిగన్‌లో నల్ల తుపాకిమందుతో పేలే పాతకాలపు తుపాకుల పోటీ. కోళ్ళ, పందుల ఆకారంలో కోసిన ఇనప రేకుల్ని కొట్టాలి. ముందు తుపాకీ తనిఖీ పాసవ్వాలి. పోయిన శతాబ్దపు నమూనా కావాలి, ఒక్కసారికి ఒక్క గుండే పట్టాలి, బరువు పన్నెండు పౌన్ల రెండు ఔన్సులు దాటకూడదు.

రాజగోపాల్ ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల ఇంజనీరు. గుడ్డు కూడా ముట్టని మనిషి. అయితేనేం, కాలేజీ ఎన్‌సీసీలో ఎగిరే కాకిని ఒక్క గుండుతో పడగొట్టాడట! పదేళ్ళుగా ఏ పాట్‌లక్ విందులో చూసినా ఈ కాకి కథే. ఆఫీసులోనూ అదే. మొన్న బాస్ వాల్టర్ చెయ్యి విరగ్గొట్టుకుని, తన తుపాకీ తెచ్చి రాజగోపాల్ చేతిలో పెట్టాడు. క్లబ్బు తరఫున నలుగురుంటేనే టీము. ఈ తుపాకీ పాసవకపోతే టీమంతా ఇంటికే.

కామేశ్వరి మొగుడి ప్రతాపం చూడాలని పట్టుచీర కట్టుకుని, పులిహోర కలుపుకుని, రెండు కార్ల నిండా స్నేహితుల్ని వెంటేసుకొచ్చింది.

తనిఖీ చేసే ముసలాయన తుపాకీని అటూ ఇటూ తిప్పాడు.

"నమూనా ఓకే."

రాజగోపాల్ నుదురు తుడుచుకున్నాడు.

"ఒక్క గుండే. ఓకే."

రాజగోపాల్ రుమాలు తడిసిపోయింది.

తుపాకీ త్రాసెక్కింది. ముసలాయన పెదవి విరిచాడు. "మూడు ఔన్సులు ఎక్కువ. కుదరదు."

జనం ఉసూరుమన్నారు. రాజగోపాల్ కుర్చీలో కూలబడ్డాడు. "రూల్ ఈజ్ రూల్ సర్! మనం గౌరవించాలి" అన్నాడు. ఆ పెద్దమనసుకి అవతలి క్లబ్బు వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

"అసాధ్యం!" వాల్టర్ అరిచాడు. "పోయిన నెల నేనే తూచాను!"

"వద్దు సర్, వదిలేద్దాం" అని రాజగోపాల్ బతిమాలుతున్నా వినకుండా, స్క్రూడ్రైవర్ తెప్పించి, భుజానికి ఆనించే చోట ఉన్న ఇత్తడి రేకు ఊడదీయించాడు. దాని వెనక తొర్ర. తొర్రలో ఒక గుడ్డమూట. మూటలో సీసం బిళ్ళలు!

"కుట్ర!" అని వాల్టర్ గావుకేక పెట్టాడు. అవతలి క్లబ్బు వాళ్ళు మాకేం తెలీదని ఒట్లు వేశారు. పిల్లలు కేరింతలు కొట్టారు. ఎవరో ఆనందం పట్టలేక పులిహోర గిన్నె తన్నేశారు. ముసలాయన మళ్ళీ తూచాడు.

"పాస్!"

రాజగోపాల్ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. టీము వాళ్ళు అతన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించి, తుపాకీ చేతికిచ్చి, నిలబడి కాల్చే గీత దగ్గర దించారు.

కామేశ్వరి ఆ గుడ్డముక్క పట్టుకుని పరుగున వచ్చింది. "ఏమండీ, ఈ ఆకుపచ్చ అంచు చూశారా? అచ్చం మీ పెళ్ళి పంచెలా లేదూ?"

రాజగోపాల్ చుట్టూ చూశాడు. తెలుగు తెలిసినవాళ్ళెవరూ దగ్గర లేరు.

"నా పంచేనే, నేనే కట్టి పెట్టాను, ఇప్పుడు ముందు ఇది ఏ వైపు నుంచి పేలుతుందో ఎవరినైనా మెల్లిగా కనుక్కునిరా!"